మామాతో మొనాకో వెళ్ళేవాళ్ళకు

కువైట్ మిర్కాబ్‌లో శుక్రవారం మనవాళ్ళు కలిసే చోట సంఘం పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. ఏడాదికోసారి వాళ్ళు వేసే పుస్తకంలో మొనాకో గురించి రాయమన్నాడు. "ఈ మధ్య మనవాళ్ళు కూడా పిల్లాజెల్లాతో యూరప్ వెళ్తున్నారమ్మా. నువ్వు వెళ్ళొచ్చావు కదా. ఎలా వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, నలుగురికీ పనికొచ్చేలా రాయి" అన్నాడు. రాసి ఇచ్చాను. చదివి వెనక్కి ఇచ్చేశాడు. "ఇందులో ఊరు తక్కువ, ఫిర్యాదులు ఎక్కువ ఉన్నాయమ్మా" అన్నాడు. ఆ మాట నలుగురి ముందూ అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు బాగా గుర్తుంది.

అందుకని మళ్ళీ రాస్తున్నాను. ఒక్క ఫిర్యాదు కూడా తీసేయలేదు. మొనాకోలో నాకు పనికొచ్చిన సంగతులన్నీ ఆ ఫిర్యాదుల్లోంచి వచ్చినవే.

నేను కోనసీమ మనిషిని. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. ఇంటావిడను మేం మామా అంటాం, ఆయన్ని బాబా అంటాం. ఎండలు ముదిరితే వాళ్ళు ఏదో ఒక చల్లటి దేశానికి పోతారు. హోటల్ తిండి బాబాకు పడదు, అందుకని వంటమనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్తారు. నేను చూసిన మొనాకో ఒక వంటగది, ఒక బాల్కనీ, ఒక కొండవీధి, ఒక బస్సు దారి. అంతకు మించి చూసినవాళ్ళు అంతకు మించి రాసుకోవచ్చు.

ముందు వీసా సంగతి. మొనాకోకి వేరే వీసా లేదు, ఫ్రాన్సు వీసా మీదే వెళ్ళాలి. వేలిముద్రలు వెయ్యడానికి మనమే స్వయంగా వెళ్ళాలి. నేను వెళ్ళిన రోజు అక్కడ కూర్చున్న అమ్మాయి నన్ను అడగాల్సిన ప్రశ్నలన్నీ మామాని అడిగింది. నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను. నా పేరు కూడా మామానే అడిగింది. ఆఖరికి, "ఈవిడ మీతో తిరిగి వస్తుందా?" అంది.

మామా నా వైపు చూసింది. "వస్తుంది. ఇది అలాంటిది కాదు" అంది.

అలాంటిది అంటే మా చెల్లి.

చెల్లిని కువైట్ రప్పించింది నేనే. మా మామా చెల్లెలి ఇంట్లో పనికి నేనే మాట్లాడాను. నా మాట మీద నమ్మకంతో తీసుకున్నారు. ఒక ఎండాకాలం వాళ్ళు ఇటలీ వెళ్తూ, పిల్లల్ని చూసుకోవడానికి దాన్ని వెంట తీసుకెళ్ళారు. అక్కడ ఒక ఉదయం చెత్త సంచి పడేసి వస్తానని కిందికి దిగిన మనిషి మళ్ళీ పైకి రాలేదు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. బట్టలు కూడా ఉండిపోయాయి. అంతకు ముందు రోజు నాతో ఫోన్‌లో మాట్లాడింది. ఉక్కపోత గురించి, పిల్లల అల్లరి గురించి, కాలి గోరు చీము పట్టడం గురించి అన్నీ చెప్పింది. ఆ ఒక్క మాట మాత్రం మింగేసింది.

అది పోయింది, దొరికినదాన్ని నేను. మామా చెల్లెలు వచ్చి హాల్లో కూర్చుని, అందరి ముందు నన్ను నిలబెట్టి అడిగింది. నాకు తెలియదంటే ఒక్కరూ నమ్మలేదు. నా ఫోన్ లాక్కుని, ఎదురింట్లో డ్రైవరుగా చేసే తెలుగతన్ని పిలిచి మెసేజీలు చదివించారు. అతను చదివాడు. నా భర్తకు నేను పంపుకున్న మాటలు కూడా వదలకుండా చదివి, అరబీలో చెప్పాడు. ఇప్పటికీ మిర్కాబ్‌లో ఎదురుపడితే "బాగున్నారా అక్కా" అంటాడు. నేను పలకను. ఆ ఏడు నేను ఇంటికి వెళ్ళాల్సిన సెలవు కూడా పోయింది. ఎవరూ ఇవ్వనని అనలేదు, కానీ ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కొన్ని నెలలకు చెల్లి ఫోన్ చేసింది. ఫ్రాన్సు సరిహద్దు పక్కనే ఇటలీ ఊళ్ళో ఒక ముసలామెను చూసుకుంటోందట. కాగితాలు లేవు, వస్తాయంటున్నారట. ఎందుకు చెప్పకుండా పోయావే అని అడిగితే, "ఫోన్లో వద్దులే అక్కా, కలిసినప్పుడు చెప్తాను" అంది. ఎప్పుడడిగినా అదే జవాబు. ఏళ్ళ తరబడి అదే జవాబు.

ఈసారి మొనాకో అని మామా అన్న రోజు వంటగదిలోకి వెళ్ళి ఫోన్‌లో మ్యాపు తీసి చూశాను. మొనాకో నుంచి చెల్లి ఊరు రైలెక్కితే, ట్రాఫిక్‌లో అర్దియా నుంచి సముద్రం దాకా వెళ్ళినంత దూరం కూడా లేదు. ఫోన్ చేశాను.

"నేను రాలేనక్కా. ఇక్కణ్ణుంచి అటు పోయే రైల్లో ఫ్రాన్సు పోలీసులు ఎక్కుతారు. మన మొకాలు చూత్తే ముందు మన దగ్గరికే వత్తారు. నువ్వే రావాలి. నీకు వీసా ఉంటాది కదా, అది ఇక్కడా చెల్లుద్ది. ఇటేపు వచ్చేటప్పుడు ఎవడూ అడగడు. తిరిగెళ్ళేటప్పుడే చూపించాలి. పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని రా."

"వస్తే చెప్తావా?"

"చెప్తానే. మొకం మీదే చెప్తాను."

అదీ నాకు కావాల్సింది. దాని మొహం చూడాలి. అది ఎందుకలా చేసిందో దాని నోటితో వినాలి. మొనాకోలో నాకు ఇంకే పనీ లేదు. కార్లూ పడవలూ చూసేవాళ్ళు చూసుకోవచ్చు.

ఇక రెండో సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి.

మొనాకోలో విమానాలు దిగవు. పక్కనే ఫ్రాన్సులో ఒక పెద్ద ఊళ్ళో దిగి, అక్కణ్ణుంచి కారులో వెళ్ళాలి. విమానంలో మామా వాళ్ళు ముందు, నేను ఆఖరి వరసలో బాత్రూము తలుపు పక్కన. దిగాక లైన్లో నిలబడ్డాం. మామా అందరి పాస్‌పోర్టులూ తీసి అద్దం వెనక కూర్చున్న ఆఫీసరుకు ఇచ్చింది. అతను ఒక్కొక్కరినీ పిలిచి, మొహం చూసి, ముద్ర కొట్టి, ఎవరిది వాళ్ళ చేతికే ఇస్తున్నాడు. నాది నా చేతికి ఇచ్చాడు. "మెర్సీ" అన్నాడు.

నా పాస్‌పోర్టు నా చేతిలోకి వచ్చి ఎన్నాళ్ళయిందో. అట్ట మీద బంగారు రంగు కాస్త చెరిగిపోయి ఉంది. నేను దాన్ని పట్టుకుని నాలుగడుగులు నడిచాను. మామా బ్యాగు సర్దుకుంటోంది. నేను వెళ్ళి పాస్‌పోర్టు ఆవిడకు ఇచ్చేశాను.

ఆవిడ అడగలేదు. చెయ్యి చాపలేదు. నా వైపు చూడనైనా లేదు. కువైట్‌లో దిగిన మొదటి రోజు నుంచి, పాస్‌పోర్టు చేతిలోకి వస్తే మామాకి ఇవ్వడం తప్ప ఇంకోటి తెలియని చేతులివి. గిన్నె కడిగి బోర్లించినట్టే ఇచ్చేశాను. కారులో కూర్చుని, సముద్రం కనబడి, పిల్లలు అరిచాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు. మామా అప్పటికే దాన్ని మిగతా వాటితో కలిపి, జిప్పు వేసేసి, ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది.

మనవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరైనా ఈ పని చేస్తారా? ఇలాంటిది ఎవరూ నేర్పరు, అలవాటు చేయిస్తారు. నేర్పినదైతే మర్చిపోవచ్చు.

మొనాకో చాలా చిన్నది. అంతా కొండ మీద అరలు అరలుగా కట్టారు. ఎక్కడికెళ్ళినా మెట్లే. అయితే వీధుల్లోనే లిఫ్టులున్నాయి, ఎవరైనా ఎక్కొచ్చు, ఏమీ ఇవ్వక్కర్లేదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి వారమంతా కూరల సంచులు మోసుకుంటూ మెట్లెక్కాను. మామా వాళ్ళు లిఫ్టులోనే తిరుగుతున్నారని తర్వాత తెలిసింది. చెప్పాలని ఎవరికీ తోచలేదన్నమాట. మడమ గట్టిగా ఉన్న చెప్పులు తీసుకెళ్ళండి.

కుళాయి నీళ్ళు తాగొచ్చు. వీధిలో ఈత బట్టలతో, చొక్కా లేకుండా తిరగకూడదట, పోలీసులు ఆపుతారట. మనకు ఆ బాధ లేదు. సముద్రం ఒడ్డున పిల్లల చెప్పులకూ తువ్వాళ్ళకూ కాపలాగా నేను నిండా బట్టలతో కూర్చుంటే, అటుగా వెళ్ళే ఒకావిడ నన్ను ఫోటో తీసుకుంది. అడిగి తీసుకోలేదు. ఇంట్లోవాళ్ళు తీయించుకున్న ఫోటోల్లో మాత్రం మీరు ఉండరు. తీసేది మీరే కనుక.

ఇల్లు అద్దెకు తీసుకున్నది. వంటగదిలో గ్యాసు ఉండదు, నున్నటి అద్దంలాంటి పొయ్యి ఉంటుంది. పోపు వేసే ముందు కిటికీలన్నీ తీయండి. నేను తీయలేదు. ఎండుమిరపకాయ చిటపటలాడిందో లేదో, పైకప్పులో ఏదో కుయ్యిమని మొదలైంది. కింది నుంచి కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. పక్కింటి ముసలావిడ కుక్కను ఎత్తుకుని బయటికొచ్చి నిలబడింది. మామా ఆవిడకు క్షమాపణ చెప్పింది. "పల్లెటూరి మనిషి, ఇలాంటివి తెలియవు" అని నన్ను చూపించింది. ఇంగ్లీషులోనే అంది. నాకు ఇంగ్లీషు రాదని కాదు, వస్తుందని ఆవిడకు గుర్తులేదు.

కూరలకు మాత్రం మొనాకోలో కొనకండి. మా ఇంటి వెనక వీధి ఒకటుంది. వీధికి ఈ వైపు మొనాకో, ఆ వైపు ఫ్రాన్సు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటితే దేశం మారిపోతుంది, కూరల ధర కూడా మారిపోతుంది. గేటు లేదు, పోలీసు లేడు. రోజూ ఉదయం కొత్తిమీర కోసం నేను వేరే దేశం వెళ్ళి వచ్చేదాన్ని. అక్కడి కొట్టతను అరబీ మాట్లాడతాడు. నా అరబీ విని, "ఇదెక్కడి అరబీ? ఒంటెలకు చెప్పే భాషలా ఉంది" అని పగలబడి నవ్వాడు. మర్నాటి నుంచి నేను వేలితో చూపించి కొన్నాను, నోరు విప్పలేదు. అతను నాలుగు రోజులు బతిమాలాడు. అయినా సరే.

ఇలా వీధి దాటినంత తేలిగ్గా దేశాలు దాటుతున్నాను, అటు చెల్లి ఊరికి మాత్రం వెళ్ళలేను. ఒక సాయంత్రం మామా మంచి మూడ్‌లో ఉండగా టీ ఇచ్చి అడిగాను. మా ఇంట్లో మాటలన్నీ అరబీలోనే. అవి తెలుగులో రాస్తున్నాను.

"మామా, ఒక్క రోజు సెలవు కావాలి. పాస్‌పోర్టు కూడా కావాలి."

"పాస్‌పోర్టు ఎందుకు?"

"ఇటలీలోకి వెళ్ళి, మా చెల్లిని చూసి సాయంత్రానికి వచ్చేస్తాను."

మామా ఫోన్ పక్కన పెట్టింది. "ఏ చెల్లి?"

"నాకు ఉన్నది ఒక్కతే కదా మామా."

"నీ చెల్లి చేసిన పనికి నా చెల్లి నాతో ఎన్నాళ్ళు మాట్లాడలేదో తెలుసా?"

"తెలుసు మామా. ఆ రోజుల్లో నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను."

"అది చెత్త సంచి పట్టుకుని దిగింది. నువ్వేం పట్టుకుని దిగుతావు?"

"పచ్చడి సీసా పట్టుకుని దిగుతాను. ఖాళీ సీసా పట్టుకుని ఎక్కుతాను" అన్నాను.

మామా గట్టిగా నవ్వింది. నవ్వింది కదా, ఇస్తుందనుకున్నాను. నవ్వు అయ్యాక ఫోన్ తీసుకుంటూ, "ఖలాస్, వెళ్ళి రాత్రికి అన్నం చూడు" అంది.

మర్నాడు మళ్ళీ అడిగాను. ఆ మర్నాడూ అడిగాను. "నీ తలలో రాయి ఉందా?" అంది. అడుగుతూనే ఉన్నాను. ఒకరోజు విసిగిపోయి అసలు మాట అంది.

"నీ పాస్‌పోర్టు నేను లాక్కున్నానా? ఆ రోజు ఎయిర్‌పోర్టులో అడిగానా? నువ్వే తెచ్చి ఇచ్చావు. దాచమనే కదా ఇచ్చావు. దాచాను."

ఆ మాటకి మామాని నేను ఇంకా క్షమించలేదు. అబద్ధమైతే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే అందరూ పడవ ఎక్కారు. సాయంత్రం దాకా రారు. ఆ పడవలో వంటవాడు ఉంటాడట, నేను అక్కర్లేదు. ఏదో సామాను వస్తుంది తీసుకోమని ఇంటి తాళం నాకిచ్చి వెళ్ళారు. సామాను వచ్చింది, లోపల పెట్టాను. సంచిలో పండుమిరప పచ్చడి సీసా, నా బతాకా వేసుకుని కిందికి దిగాను. బతాకా అంటే మన కువైట్ గుర్తింపు కార్డు. ఇక్కడ అది లేకుండా గుమ్మం దాటం. అక్కడ నా దగ్గర ఉన్న కాగితం అదొక్కటే.

బోర్డరు దగ్గరికి రమ్మని చెల్లికి మెసేజీ పెట్టి, బస్సెక్కి ఫ్రాన్సులో ఆఖరి ఊళ్ళో దిగాను. అక్కణ్ణుంచి సముద్రం పక్కనే నడిచాను. నిమ్మచెట్లు, తెల్లటి ఇళ్ళు, కుక్కల్ని తిప్పుకునే ముసలివాళ్ళు. రోడ్డు ఒక కొండ కిందికి వెళ్ళి ఆగినట్టు కనిపించింది. అదే బోర్డరు, దాటితే ఇటలీ. అక్కడ ఒక చిన్న గది, ఒక టెంటు, తుపాకులు తగిలించుకున్న పోలీసులు. అవతలి నుంచి ఇటు వచ్చే ప్రతి కారునూ ఆపి, కిటికీలోంచి మొహాలు చూస్తున్నారు. ఇటు నుంచి అటు వెళ్ళేవాళ్ళను ఎవరూ ఆపడం లేదు. సైకిళ్ళు పోతున్నాయి. ఐస్‌క్రీము తింటూ ఇద్దరు ఆడపిల్లలు పోయారు.

ఫోన్ చేశాను. "వచ్చాను. ఎక్కడున్నావే?"

"నిన్ను చూత్తన్నానక్కా. ఇటేపు కాఫీ కొట్టు గొడుగు కింద చూడు. చెయ్యి ఊపుతున్నాను."

చూశాను. ఎవరో ప్యాంటు వేసుకున్నావిడ చెయ్యి ఊపుతోంది. జుట్టు మెడ దాకా కత్తిరించేసింది. మా చెల్లికి నడుము దాటిన జడ ఉండేది. నేనే నూనె రాసేదాన్ని.

"జుట్టేం చేశావే?"

"ముసలామెకు స్నానం చేయిత్తంటే తడిసిపోతంది. తీసేసేను. జుట్టు సంగతి తర్వాత. వచ్చెయ్. వత్తన్నావా లేదా?"

"నా పాస్‌పోర్టు మామా దగ్గరుంది."

"ఎలాగ పోయింది? ఎయిర్‌పోర్టులో నీ చేతికే ఇత్తాడు కదే."

చెప్పలేదు. ఎలా చెప్పను?

"సరే, లేకపోతే పోయింది. నువ్వు రా. ఇటేపు ఎవడూ అడగడు" అంది.

"తిరిగి ఎలా వెళ్ళను?"

"తిరిగెళ్ళడమెందుకు?"

"ఏమన్నావ్?"

"ఇక్కడ మా ముసలామె పక్కింట్లో ఇంకో ముసలామె ఉంది. మనిషి కావాలంటన్నారు. నీ గురించి చెప్పి ఉంచేను. రేపట్నుంచే రమ్మన్నారు. కట్టుబట్టల్తో వచ్చినా పరవాలేదు, నేనూ అలాగే వచ్చేను. దాటు అక్కా. రెండడుగులు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ముక్క కూడా ముందు చెప్పలేదు నువ్వు."

"చెప్తే వచ్చేదానివా ఇక్కడిదాకా?"

"అప్పుడు ఎందుకు చెప్పలేదు? మొహం మీద చెప్తానన్నావు కదా. మొహం ఎదురుగానే ఉంది. చెప్పు."

గొడుగు కింద నుంచి బయటికొచ్చి ఎండలో నిలబడింది. పోలీసుల వైపు ఒకసారి చూసుకుంది. "చెప్తే నువ్వు మామాకి చెప్పేద్దువు" అంది.

"నేనా?"

"నువ్వే. నన్ను పనిలో పెట్టింది నువ్వు. నీకు నీ మాట పోకూడదు. నేనేమైపోయినా నీ మాట నిలబడాలి. నాకు తెలీదా నువ్వు? ఆ ఇంట్లో నాకు ఎలాగుందో ఎన్నిసార్లు చెప్పేను? సర్దుకోమన్నావు. పిల్లలు కొడుతున్నారంటే, పిల్లలే కదా అన్నావు. ఇంక నీకేం చెప్తాను?"

అన్నాను నిజమే. ఎవరైనా అదే అంటారు. పని మానేసి రమ్మంటామా? కానీ నేను చెప్పేసేదాన్నని అది అనుకుందే, ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. సొంత అక్కను ఎదురింటి డ్రైవరుతో సమానం చేసింది. నేను చెప్పేదాన్నా? ఎన్నోసార్లు ఆలోచించాను. చెప్పేదాన్ని కాదు.

"ఇది తీసుకో" అని సంచిలోంచి సీసా పైకెత్తి చూపించాను.

"ఏంటది, పండుమిరపా? అటేపు నుంచి వచ్చేవాళ్ళ చేతికి ఎవరికైనా ఇచ్చి పంపక్కా. ఆ కుక్కతో వచ్చే ముసలాయనకియ్యి."

"ముసలాయనకెందుకిస్తాను? నువ్వొచ్చి తీసుకో."

"నేనెలా వత్తానే? పట్టుకుంటారు నన్ను."

"నేను దాటితే నన్ను పట్టుకోరా, రేపో ఎల్లుండో?"

ఇలా మాట్లాడుతుంటే నా గొంతు పెరిగింది కాబోలు, ఒక పోలీసు నా దగ్గరికి వచ్చాడు. కుర్రవాడు. ఏదో అడిగాడు. నాకు అర్థమైంది ఒక్కటే, కాగితం. బతాకా తీసి ఇచ్చాను. దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, అరబీ అక్షరాలు చూసి, ఇంకో పోలీసుకు చూపించాడు. ఇద్దరూ భుజాలెగరేశారు. తిరిగి నా చేతిలో పెట్టి, నేను వచ్చిన రోడ్డు వైపు వేలు చూపించాడు. మర్యాదగానే చూపించాడు. అరిచి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని.

దాటి ఉండొచ్చు. వాళ్ళు వేలు చూపిస్తున్నా, రెండో వైపు నడిస్తే ఆపేవాళ్ళు కాదు. నా భర్తా పిల్లలూ గుర్తొచ్చి ఆగానని చెప్తే బాగుంటుంది. వాళ్ళు గుర్తొచ్చింది బస్సెక్కాక. అక్కడ నిలబడ్డప్పుడు నా తలలో ఉన్నది, నన్ను అడక్కుండా నా బతుకు ఇంకోసారి ఇంకొకరు నిర్ణయించేశారన్న మంట ఒక్కటే. మామా పాస్‌పోర్టు దాచింది. చెల్లి ముసలామెను చూసిపెట్టింది. ఇద్దరూ నా మంచికే.

తల ఎత్తి చూస్తే గొడుగు కింద చెల్లి లేదు. రోడ్డు మలుపులో వీపు కనబడింది. పోలీసు నా దగ్గరికి రావడం చూసి భయపడి ఉంటుంది, కాదనను. కానీ వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత మెసేజీ పెట్టింది, ముందు వెనక్కి తిరిగింది నేనేనట. పోలీసుతో మాట్లాడటానికి తిరిగితే అది వెనక్కి తిరగడమా?

సాయంత్రం మామా వాళ్ళు ఎండకు కందిపోయి వచ్చారు. "ఎక్కడికీ వెళ్ళలేదు కదా?" అంది మామా.

"బోర్డరు దాకా వెళ్ళాను" అన్నాను. నాకు అబద్ధం చెప్పే అవసరం ఏముంది?

మామా నా నుదుటి మీద చెయ్యి వేసి, "వచ్చావు కదా" అంది. మర్నాటి నుంచి ఇంటి తాళం నాకివ్వలేదు. కొత్తిమీరకు కూడా పెద్దపిల్లను తోడు పంపింది. ఆ రెండూ ఒకే మనిషి చేసింది. ఏది గుర్తుపెట్టుకోవాలో మీరే చెప్పండి. నేను రెండూ గుర్తుపెట్టుకున్నాను.

కువైట్ వచ్చాక చెల్లి ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఈ ఏడు అర్దియాలో మా పక్కింటివాళ్ళు కూడా మొనాకో బయల్దేరారు. ఆ ఇంట్లో పనిచేసే ఆమెది రాయచోటి, ముస్లిం. ఇద్దరు పిల్లల తల్లి. గోడ దగ్గరికి వచ్చి అడిగింది.

"అక్కా, నన్ను గూడ పిల్చకపోతాండారంట. ఆడ చలి ఉంటాదా? ఏమేం తీస్కపోవల్ల?"

"చలి లేదు. గట్టి చెప్పులు తీసుకో. పోపు వేసేటప్పుడు కిటికీ తియ్యి. అవన్నీ తర్వాత. అక్కడ ఆఫీసరు పాస్‌పోర్టు నీ చేతికిస్తాడు. అది ఎవరికీ ఇవ్వకు."

"మామా చెయ్యి చాపితే?"

"చాపనీ."

"తిట్టదా అక్కా?"

"తిట్టనీ. తిట్టేమైనా ఒంటికి అంటుకుంటుందా?"

వెళ్ళి వచ్చింది. వచ్చిన మర్నాడే గోడ దగ్గర నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ చెప్పింది. వాళ్ళ మామా నిజంగానే చెయ్యి చాపిందట. "నేను కడుపు పట్టుకోని, మామా హమ్మామ్, హమ్మామ్ అని బాత్రూముకు ఉరికితి అక్కా. తిరిగొచ్చే లోపల ఆయమ్మ మర్చేపోయింది!" ఆ పాస్‌పోర్టు లోబట్టల్లో పెట్టుకుని నెలంతా తిరిగిందట. సెలవు అడిగితే ఇచ్చారట. ఎందుకైనా మంచిదని చెల్లి ఊరి పేరూ నంబరూ వెళ్ళే ముందే ఇచ్చి ఉంచాను, ఆ రైలెక్కి మా చెల్లి దగ్గరికి వెళ్ళి వచ్చిందట.

నా చెల్లిని, నా ఉపాయంతో, ఈవిడ చూసి వచ్చింది.

"శానా బాగ చూసుకునింది అక్కా. కోడికూర చేసి పెట్టింది. జడ లేదు గానీ, నవ్వితే అంతా నీ మాదిరే. కాగితాలు వచ్చే టయానికి ఇంగేదో అడ్డం పడిందంట." నోటి మీంచి కొంగు తీసింది. "ఒక మాట చెప్పమనింది అక్కా. నామీద కోపం చేసుకోవద్దు. 'మాయక్క అంత దూరం వచ్చి, నాకోసరం రెండడుగులు ఎయ్యలేకపాయె' అని చెప్పమనింది."

"అటు నుంచి ఎన్నడుగులో అడక్కపోయావా?"

"మీ అక్కాచెల్లెళ్ళ కొలతలు నాకేం తెల్సక్కా? నువ్వే ఫోన్ చేసి అడుగు. నంబరు ఉంది గదా."

"నా నంబరు దాని దగ్గరా ఉంది."

ఆమె నా వైపు ఒకసారి చూసి, తన ఫోన్ తీసి నొక్కేసింది. వద్దనే లోపల అటు నుంచి "హలో" అని వినబడింది. స్పీకరులో పెట్టి గోడ మీద పెట్టింది.

"మీ అక్క ఈడనే ఉండాది. మాట్లాడు."

"ముందు తనని మాట్లాడమను" అంది చెల్లి.

"ముందు దాన్నే మాట్లాడమను" అన్నాను నేను.

"యా అల్లా, మీ ఇద్దర్నడుమ నేనేం పాపం చేసినా!" అని ఆమె తల పట్టుకుంది.

నేను గోడకు ఇవతల నిలబడే ఉన్నాను. ఫోన్‌లో ఎవరో ముసలామె దగ్గుతున్న చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు. చెల్లి పని చేసుకుంటూనే ఉంది, ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ లోపలికి వెళ్ళలేదు. లోపల పొయ్యి మీద పప్పు పొంగుతున్న వాసన వచ్చింది, అయినా వెళ్ళలేదు. కాసేపటికి పక్కింటి లోపల్నుంచి వాళ్ళ మామా కేకేసింది. ఆమె "వస్తి మామా" అంటూ గోడ మీది ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.